ఆరని పూత

ఉప్పుకీ తుప్పుకీ మధ్య
తేడా ఒక్క హల్లు.
లూయిస్ దీవిలో ఆ హల్లు చేర్చడానికి
అట్లాంటిక్ గాలికి ఒక్క చలికాలం చాలు.

ఓయ్రిక్ తెచ్చిన బండి అరవై రెండు నాటి బెడ్‌ఫోర్డ్.
వాళ్ళ నాన్న అందులో ఊరూరా తిరిగి
పిండి, పంచదార, కిరసనాయిలు,
వలలు కుట్టే సూదులు అమ్మేవాడట.
పక్క రేకు మీద ఇంకా అక్షరాలున్నాయి:
"మెక్ఐవర్ అండ్"
ఆ తర్వాతది తుప్పు తినేసిందనుకున్నాను.

బండిని పైకి లేపి కిందికి దూరాను.
నల్లటి తారు, వేలెడు మందం.
అరచేత్తో తడితే గట్టిగానే పలికింది.
స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాను,
టీలో ముంచిన బిస్కెట్లోకి దిగినట్టు దిగింది.
పైన పటారం, లోన లొటారం.
ఎక్కడో సన్నగా పగిలినచోట నీళ్ళు దూరి
తిరిగి వెళ్ళే దారి దొరక్క
నలభై ఏళ్ళు అక్కడే కాపురం పెట్టాయి.

"ఎవరు పూశారిది?"
"నాన్నే. ఇక జన్మలో చూడక్కర్లేదన్నాడు."

నిజమే. ఎవరూ చూడలేదు.

కోసినవి కోశాను, అతికినవి అతికాను.
మూడు నెలలు పట్టింది, ఆ మాట వేరు.
ఆ తర్వాత బల్ల మీద డబ్బాలు పేర్చి ఆమెని పిలిచాను.

ఇది సిందూరం, మా తాత పడవలకి పూసింది.
ఇనుముకి మందు, మనిషికి విషం.
అడుగున కాస్త మిగిలింది, మూత మాత్రం తియ్యను.
ఇది జింకు. తను ముందు కరిగిపోయి
ఇనుముని నిలబెడుతుంది.
అలాంటి మనుషులు నాకు ఇద్దరు తెలుసు,
ఇద్దరూ ఇప్పుడు లేరు.
ఇది ఎపాక్సీ, గాజంత గట్టిది,
కాస్త దుమ్ము కనబడినా అలిగి
పొలుసులా లేచిపోతుంది.
ఇది తుప్పుని నల్లగా మార్చే ద్రవం.
ఓయ్రిక్ వాసన చూసి "మా అమ్మ పెట్టే టీ" అంది.
తప్పేం లేదు, రెండింట్లోనూ ఉన్న వగరు ఒకటే.

చివర్న పేరు లేని డబ్బా. ఉన్ని కొవ్వు.
వానలో గొర్రె తన ఒంటికి తనే రాసుకునేది.
"ఇది ఆరదు," అన్నాను.
"ఎప్పటికీ ఆరదు. గీత పడితే పాక్కుంటూ వచ్చి
తనే కప్పుకుంటుంది.
కానీ ఏటా కొంత కడుక్కుపోతుంది.
అక్టోబరు రాగానే మళ్ళీ వెల్లకిలా పడుకుని
ఎవరో ఒకరు పూయాలి."
"ఎన్నేళ్ళు?"
"బండి ఉన్నన్నేళ్ళు. లేదా మీరు."
అరవై దాటిన మనిషి
నేల వంకా, బండి అడుగు వంకా చూసి
మధ్యలో తను పడుతుందో లేదో కంటితోనే కొలుచుకుంది.
"అయితే ఇదే," అంది.

ఆ సాయంత్రం పక్క రేకు దగ్గరికి వచ్చాను.
తుప్పు తిన్న పేరుకి కూడా జాడ మిగులుతుంది,
దీపం ఏటవాలుగా పెడితే తేలుతుంది.
"అండ్" పక్కన పెట్టాను.
నున్నటి ఆకుపచ్చ.
ఒక్క చారైనా లేదు.

"అక్కడేం లేదులే," అంది వెనక నుంచి.
"రాసేవాడు అంతవరకు వచ్చేసరికి
నేను పుట్టానని కబురొచ్చిందట.
కొడుకు పుట్టాక పూర్తి చేద్దువుగాని అన్నాడట నాన్న."
టీ ఒక గుక్క తాగింది.
"పుట్టలేదు."

సన్నటి కుంచె ఉంది నా దగ్గర, తెల్ల రంగూ ఉంది.
రాయమంటారా అని అడిగాను.

జవాబు లేదు.
గ్లవ్స్ తొడుక్కుంది, డబ్బా అందుకుంది,
చక్రాల పలక మీద పడుకుని
బండి కిందికి జారిపోయింది.
గొర్రెవాసన పట్టి నా కుక్క కూడా వెళ్ళి
ఆమె బూట్ల దగ్గర ముడుచుకుంది.

కాసేపటికి కింద నుంచి గొంతు:
"అక్కడేం చూస్తావింకా?
దీపం ఇటివ్వు."